తడిది ఇటు, పొడిది అటు



ఈ రోజు మీకు ఒకే ఒక్క పని చెబుతాను. ఒక్కటే. ఎందుకంటే పర్యావరణం పేరు మీద చేయాల్సిన పనుల చిట్టాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో మన ప్రధాని 'లైఫ్' అనే మాట ముందుకు తెచ్చారు. పర్యావరణానికి నప్పేలా బతకడం అని దాని సారం. మరుసటి ఏడాది అక్టోబరు 20న గుజరాత్‌లోని కేవడియాలో, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరెస్ సమక్షంలో, అదే 'మిషన్ లైఫ్' అనే కార్యక్రమంగా మొదలైంది. మామూలు మనుషులు రోజూ చేసుకోదగ్గ 75 పనులను అందులో పేర్చారు. మంచి పనులే. కానీ ఆ డెబ్బై ఐదూ ఇక్కడ కూర్చుని చదివితే, ముప్ఫయ్యోది వచ్చేసరికి మీరు రేడియో కట్టేస్తారు. కట్టేస్తే తప్పు మీది కాదు.

అందుకే ఒక్కటి తీసుకున్నాను. ఇంట్లో చెత్తను రెండుగా విడదీయడం. తడిది ఇటు, పొడిది అటు. ఇంతే సంగతి. దీనికి డబ్బు అక్కర్లేదు. మీటింగు అక్కర్లేదు. రెండు పాత బకెట్లు చాలు. ఒకటి లేకపోతే ఒక బకెట్టు, ఒక గోనెసంచి.

ఈ మాట చెప్పడానికి ఒక ఊరిని ఎంచుకున్నాను. అనకాపల్లి జిల్లా, నక్కపల్లి మండలం, రాజయ్యపేట. మన శ్రోతల్లో చాలామందికి ఆ ఊరు తెలుసు. ఒక పక్క సముద్రం. మరో పక్క కొంత దూరంలో జాతీయ రహదారి. పొద్దున్నే వేటకెళ్లే పడవలు. ఒడ్డున వలలు. తలమీద గంపతో చేపలు అమ్మడానికి వెళ్లే ఆడవాళ్లు. ఇప్పుడైతే పడవలు ఒడ్డునే ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మరబోట్లకీ ఇంజను పడవలకీ వేట నిషేధం కదా. చేపలు గుడ్లు పెట్టుకునే కాలం. జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినోత్సవం, సరిగ్గా ఈ తెరిపి రోజుల్లోనే వస్తుంది. కొత్త అలవాటు మొదలుపెట్టడానికి చేతిలో కాస్త తీరిక ఉన్న రోజులు కావాలి. ఇవే ఆ రోజులు.

ముందుగా ఒక మాట తేల్చుకుందాం. లేకపోతే నేను చెప్పేది మీ చెవికెక్కదు.

రాజయ్యపేట పేరు ఈ మధ్య పత్రికల్లో దేనికి వచ్చిందో మీకు తెలుసు. 2025 జనవరి 8న ప్రధాని విశాఖపట్నం నుంచి నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు శంకుస్థాపన చేశారు. సుమారు 2,000 ఎకరాల పార్కు. అదే ఏడాది రాజయ్యపేట మత్స్యకారులు ఆ పార్కు మాకొద్దని దీక్షకు కూర్చున్నారు. రోడ్డు మీదకీ వచ్చారు. ఫ్యాక్టరీల నీళ్లు సముద్రంలో కలిసి చేప దూరమైపోతోందని అక్కడి వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. అలాంటి ఊరికి వెళ్లి, అమ్మా, మీ ఇంట్లో చెత్త వేరు చేయండి అంటే ఏమంటారు? "ఫ్యాక్టరీల గొట్టాల సంగతి ఒగ్గేసి మా పాలపేకిట్టు మీద పడ్డారేటి బాబూ?" అంటారు. అనాలి కూడా. ఆ ప్రశ్న న్యాయమైనది.

నా సమాధానం ఇది. ఫ్యాక్టరీ చేయాల్సిన పని ఫ్యాక్టరీ చేయాలి. తన నీటిని శుద్ధి చేయడం దాని బాధ్యత. అది చేస్తోందో లేదో చూడడం కాలుష్య నియంత్రణ మండలి పని. పెద్ద పరిశ్రమ పెట్టే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే, అక్కడికి వెళ్లి నోరు విప్పి అడగడం ఊరి హక్కు. మన వంటింట్లో రెండు బకెట్లు పెట్టుకున్నంత మాత్రాన వాళ్ల బాధ్యత ఒక చెంచాడు కూడా తగ్గదు. 'మీరు చెత్త వేయడం మానండి, ఆ తర్వాత మమ్మల్ని అడగండి' అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు.

కానీ ఈ లెక్క కూడా ఉంది. ఒడ్డు మీద మన ఊరి చెత్త కుప్ప ఉంది. వాన పడితే గెడ్డలోకి, గెడ్డలోంచి సముద్రంలోకి పోయే కవర్లున్నాయి. అవి ఏ ఫ్యాక్టరీవీ కావు. మనవి. మన చేతిలో ఉన్న పని అదొక్కటే. కాబట్టి అది చేద్దాం. అడగాల్సింది అడుగుతూనే చేద్దాం.

ఇప్పుడు అసలు విషయం. చెత్తను ఎందుకు విడదీయాలి?

మీ పడవ ఒడ్డుకు వచ్చిందనుకోండి. వలలో వంజరం పడింది. చందువ పడింది. కవళ్లు పడ్డాయి. కానాగంతలు పడ్డాయి. అన్నీ ఒకే కుప్పగా పోసి, ఇసుకతో కలిపి, 'ఇదిగో, కుప్ప మొత్తానికి రేటు చెప్పండి' అని ఎవరైనా అంటారా? అనరు. వంజరం ఒక గంప. చందువ ఒక గంప. చిన్న చేప ఒక పోగు. ఒడ్డు మీదే, తడి ఆరకముందే ఏరేస్తారు. ఎందుకు? ఏరితే దేని ధర దానికి వస్తుంది. కలిపేస్తే మంచి చేపకి కూడా చెడ్డ ధరే. చెత్త సంగతీ అంతే. వేరుగా ఉన్నంతసేపూ ప్రతిదానికీ ఒక దారి ఉంది. కలిపేశారా, ఇక దేనికీ దారి లేదు.

ఎలాగో చూడండి. అన్నం మెతుకులు, చేప పొలుసు, అరటి తొక్క. ఇవన్నీ మట్టిలో వేస్తే రెండు మూడు నెలల్లో ఎరువు. పాల కవరు, షాంపూ పేకెట్టు, నూనె డబ్బా. ఇవి కడిగి ఆరబెడితే అమ్మకానికో, పంచాయతీ బండికో పనికొస్తాయి. ఇప్పుడు మనం ఏం చేస్తున్నాం? ఒక క్యారీ బ్యాగు తీసుకుంటాం. అందులో చేప కడిగిన చెత్త, పాల కవరు, పిల్లాడి డైపరు, కొబ్బరి పీచు, అన్నీ కుక్కుతాం. మూతి బిగించి ముడి వేస్తాం. పొద్దున్నే గట్టు మీద గిరాటేస్తాం. ఇప్పుడు లోపలున్న అరటి తొక్క మట్టి కాలేదు. దానికి గాలి తగలదు. అది లోపలే కుళ్లుతుంది. పాల కవరు అమ్మకానికి పనికిరాదు. దానికి చేప జిడ్డు అంటింది. కుక్క వచ్చి ఆ మూట చింపుతుంది. మిగిలింది గాలికి పోతుంది.

గాలి తగలకుండా కుళ్లితే ఇంకో నష్టం కూడా ఉంది. అందులోంచి మీథేన్ అనే వాయువు పుడుతుంది. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకు పెద్దన్న. నూరేళ్ల లెక్కన చూస్తే, బరువుకు బరువు, సుమారు 28 రెట్లు ఎక్కువ. మన వంటింటి మూటకీ ఎండాకాలం ముదరడానికీ ఉన్న లంకె అది. ఒక్క మూట వల్ల ఏమీ కాదు. ఊళ్లో ఉన్న ఇళ్లన్నీ, రోజుకొక మూట చొప్పున, ఏడాది పొడుగునా వేస్తే అవుతుంది.

అందుకని మళ్లీ చెబుతున్నాను. తడిది ఇటు, పొడిది అటు. కలిశాక ఏరడం కష్టం. అసలు కలపకపోతే ఏరే పనే లేదు.

తడి బకెట్టుతో మొదలుపెడదాం. మన ఇళ్ల చెత్తలో సగానికి పైగా ఇదే. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీ పొడి, గుడ్డు పెంకులు, వాడిపోయిన పూలు. మత్స్యకారుల ఇంట్లో అయితే వీటికి తోడు చేపల పొలుసు, మొప్పలు, పేగులు, రొయ్యల తొక్కలు. ఈ చివరి వాటి దగ్గరే అందరికీ పేచీ. కంపు. ఈగలు. పిల్లులు. 'చేప చెత్తతో ఎరువు తయారు చేయమంటే ఊరంతా కంపు కొడుతుంది' అంటారు.

కంపు రావడానికి కారణం చేప కాదు. దాని మీద ఏమీ కప్పకపోవడం. చేపలో నత్రజని ఎక్కువ. వట్టిగా వదిలేస్తే అది అమ్మోనియా అయి ముక్కుకు కొడుతుంది. అదే ఎండు ఆకుతో కలిపితే ఆ నత్రజని ఆకుల్లో చిక్కుకుని ఎరువులోనే ఉండిపోతుంది. ఒక గుప్పెడు చేప చెత్త వేస్తే, దాని మీద రెండు మూడు గుప్పెళ్ల ఎండు ఆకు వేయాలి. మీకు దానికి కొదవ లేదు. మన తీరం వెంట సరుగుడు తోటలున్నాయి. వాటి కింద సూదుల్లాంటి ఎండు ఆకు పరుపులా పడి ఉంటుంది. అది తెచ్చి ఒక మూల గోనెలో పెట్టుకోండి. కొబ్బరి పీచు చిదిమి వేసినా సరే. ఎండు గడ్డి అయినా సరే. పైన ఒక దోసెడు మట్టి. ఈగ వాలదు.

ఇక్కడ సముద్రపు ఊళ్లకి ఒక చిక్కుంది. పుస్తకాల్లో 'మూడడుగుల గొయ్యి తవ్వండి' అని రాస్తారు. ఇసుక నేలలో మూడడుగుల గొయ్యి నిలబడదు. అంచులు జారిపోతాయి. వేసిన నీళ్లు క్షణంలో ఇంకిపోతాయి. పైగా ఒడ్డు దగ్గర భూగర్భ జలం పైపైనే ఉంటుంది. లోతుగా పూడ్చిన కుళ్లు నీళ్లలోకి దిగే ప్రమాదం ఉంది. కాబట్టి గొయ్యి వద్దు. సిమెంటు వర ఒకటి ఉంటే నేల మీద నిలబెట్టండి. లేకపోతే అడుగు ఊడిపోయిన పాత డ్రమ్ము. అది కూడా లేకపోతే నాలుగు కర్రలు పాతి చుట్టూ తాటాకు దడి. చేతిపంపుకీ బావికీ దూరంగా పెట్టండి. అడుగున చిన్న కొమ్మలు పరవండి, గాలి ఆడుతుంది. కాస్త పేడనీళ్లు చల్లితే పని త్వరగా మొదలవుతుంది. తేమ ఎంత ఉండాలి? లోపలి ఎరువు ఒక పిడికెడు తీసి పిండితే చేతికి తడి తగలాలి, నీళ్లు కారకూడదు. ఎండిపోతే చెంబెడు నీళ్లు. మరీ తడిస్తే ఇంకో రెండు గుప్పెళ్ల ఎండు ఆకు. వారానికోసారి కర్రతో కుళ్లగించండి. వాన పడే రోజుల్లో పైన పాత రేకో తాటాకో కప్పండి.

రెండు మూడు నెలలు పోయాక అడుగు నుంచి తీసి చూడండి. నల్లగా, పొడిపొడిగా, తొలకరి వానకు తడిసిన మట్టి వాసనతో ఉంటుంది. చేప ఆనవాలు ఉండదు. పెద్ద ముల్లు ఎక్కడైనా మిగిలితే ఏరి మళ్లీ పైన వేయండి. ఇసుక నేలకు ఇది అమృతం. నీటిని పట్టి ఉంచుతుంది. కొబ్బరి మొదట్లో వేయండి. వాకిట్లో బీర పాదుకో, ఆనప పాదుకో వేయండి.

ఇంకో దారి కూడా ఉంది. ఇది మన జిల్లాకే అచ్చొచ్చిన దారి. చేప ఇక్కడిదే, బెల్లమూ ఇక్కడిదే. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే పెద్ద మార్కెట్లలో ఒకటి. చేప వ్యర్థాలూ బెల్లమూ సమాన బరువులో, కేజీకి కేజీ, ముక్కలు చేసి ఒక ప్లాస్టిక్ డబ్బాలో కలిపి నీడలో పెడతారు. డబ్బాలో నాలుగో వంతు ఖాళీ ఉంచాలి. అప్పుడప్పుడు మూత సడలించాలి, గ్యాసు పోవాలి కదా. మూడు నాలుగు వారాలు ఊరాక వడగడితే తేనెరంగు ద్రవం వస్తుంది. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు దీన్నే మీనామృతం అంటారు. లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్లు కలిపి సాయంత్రం పూట మొక్కల ఆకుల మీద చల్లుతారు. దీనికి మేలురకం బెల్లం దిమ్మలు పాడుచేయక్కర్లేదు. రంగు పోయిన బెల్లం చాలు. కాకపోతే నల్లబెల్లం ఎక్కువ మొత్తంలో కొనబోతే, సారా కాయడానికి కాదు మహాప్రభో అని ఒకరిద్దరికి చెప్పుకోవాల్సి రావచ్చు. ఇంటి వాడకానికి కేజీ రెండు కేజీలకు ఆ గొడవ లేదు.

తడి బకెట్టు సంగతి అది. ఇక పొడిది. ఇందులో తెలివంతా ఒక్క చోటే ఉంది. కడగడం. పాల కవరు ఖాళీ చేయగానే, గిన్నెలు తోమిన చివరి నీళ్లలో ఒకసారి జాడించండి. గోడకు కట్టిన తాడుకి తగిలించండి. ఆరాక సంచిలో వేయండి. పాత సామాన్ల వాడు మట్టి, జిడ్డు పట్టిన కవరును ముట్టుకోడు. కడిగి ఆరబెట్టిన కవర్ల కట్టను కాదనడు. కవరు మూల కత్తిరించినప్పుడు ఆ చిన్న ముక్కను పూర్తిగా తెంచేయకండి. కవరుకే అంటుకుని ఉండనివ్వండి. ఆ గోరంత ముక్కే ఎవరి చేతికీ దొరకదు. ఏ బండికీ ఎక్కదు. చివరికి నీళ్లలోనే తేలుతుంది.

సీసాలు, డబ్బాలు, అట్టపెట్టెలు, పాత చెప్పులు, పేపర్లు, అన్నీ ఈ సంచిలోకే. వారం పది రోజులు ఉంచినా కంపు రాదు. పొడివి కదా. కంపు అంతా తడిదే. ఆ తడిని తీసేశాం. అందుకే తడిది ఇటు, పొడిది అటు అంటున్నాను.

ఒక్క పని మాత్రం చేయకండి. పొద్దున్నే వాకిలి ఊడ్చి, ఆకులతో పాటు కవర్లు కూడా పోగేసి అగ్గిపుల్ల గీయకండి. చాలా ఊళ్లలో ఇది శుభ్రత అనుకుంటారు. ప్లాస్టిక్కు అలా తక్కువ మంటలో కాలితే విషవాయువులు వస్తాయి. ఆ పొగ ముందు పీల్చేది చీపురు పట్టుకున్న మనిషి. ఆ తర్వాత చంకలో ఉన్న పసిబిడ్డ.

రెండు బకెట్లలోనూ పట్టనివి కొన్ని ఉంటాయి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, పాత బ్యాటరీలు, పగిలిన బల్బులు, గడువు దాటిన మాత్రలు. వీటిని పాత న్యూస్‌పేపరులో చుట్టి విడిగా ఇవ్వండి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు కూడా చెత్తను మూడుగా వేరు చేయమన్నాయి. తడి, పొడి, ప్రమాదకరమైనవి. మూడూ ఇంట్లోనే వేరు కావాలని.

ఇప్పుడు ఒడ్డు మీదకి వెళ్దాం. నాకు బాగా చెప్పాలని ఉన్న భాగం ఇదే.

వేట నిషేధం రోజుల్లో వలలు బాగుచేసుకునే దృశ్యం చూసే ఉంటారు. నీడ చూసుకుని కూర్చుంటారు. వల ఒక కొసను కాలి బొటనవేలికి తగిలిస్తారు. చిరిగిన చోట పాత కన్నులు కోసేస్తారు. కొత్త దారంతో అల్లుతారు. ముడి పడగానే మిగిలిన కొసను బ్లేడుతో టక్కున తెంపుతారు. ఆ తెగిన కొస ఎక్కడ పడింది? పక్కన ఇసుకలో. అంగుళం ఉంటుంది. రెండంగుళాలు ఉంటుంది. ఆకుపచ్చది, నీలిది, తెల్లది. సాయంత్రం లేచేసరికి ఆయన చుట్టూ గుప్పెడు ఉంటుంది. గాలికి ఇసుక కప్పేస్తుంది. పోటు వచ్చి పట్టుకుపోతుంది.

తాతల నాటి వలలు నూలువి, జనుమువి. ఆ కొసలు ఇసుకలో పడితే కుళ్లి పోయేవి. ఎవరూ ఏరలేదు, ఏరాల్సిన అవసరమూ రాలేదు. నైలాను వచ్చాక వల తేలికైంది. ఎక్కువ కాలం మన్నింది. మత్స్యకారుడికి ఎంతో మేలు జరిగింది. దాన్ని కాదనలేం. కానీ వల మన్నినట్టే ముక్క కూడా మన్నుతుంది. అది కుళ్లదు. చిన్న ముక్కలవుతుంది, ఇంకా చిన్న ముక్కలవుతుంది, కంటికి కనబడనంత అవుతుంది. ఉండడం మాత్రం ఉంటుంది. అలవాటు నూలు కాలంది, వల నైలాను కాలంది. చిక్కంతా అక్కడుంది.

దీనికి మందు చాలా చిన్నది. వల అల్లేటప్పుడు మోకాలి పక్కన ఒక డబ్బా. తెంపిన కొస అందులోకి. ఇది కూడా పొడి బకెట్టే, కాకపోతే ఒడ్డు మీద ఉంది. పడవలోనూ ఒక సంచి కట్టుకోండి. బిస్కెట్టు కవరు, గుట్కా పేకెట్టు, నీళ్ల సీసా, వలలో పడిన పాత తాళ్లు, చిరుగులు, ఏదైనా సముద్రంలోకి విసరకుండా ఆ సంచిలోకి. ఒడ్డుకొచ్చాక సంచి దింపండి. చేపల గంప దింపినంతసేపు పట్టదు.

తెగిపోయి సముద్రంలో ఉండిపోయిన వల ఏం చేస్తుందో మీకు నేను చెప్పేదేముంది? అది ఎవరూ లాగకుండానే వేట సాగిస్తుంది. చేప చిక్కుతుంది, చస్తుంది. ఆ చచ్చిన చేప కోసం ఇంకోటి వస్తుంది. ఎవరికీ దక్కని వేట. రేపు మీ వలలో పడాల్సిన చేప అది. ఇక తాబేళ్లు. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇసుకలో గొయ్యి తీసి నూరు దాకా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. నీటి వైపు పరుగెడతాయి. ఆ పరుగులో అడ్డం పడేది ఒక వల తునకైనా కావచ్చు, ఒక కవరైనా కావచ్చు. పెద్ద తాబేలు తేలుతున్న కవరును జెల్లీ చేప అనుకుని మింగుతుంది. ఆ జెల్లీ చేపల బెడద మీకూ తెలుసు, వల నిండా అవే పడితే ఆ రోజు వేట పోయినట్టే. జెల్లీ చేపల్ని తినే జీవాల్లో ఈ తాబేలు ఒకటి. దాన్ని కాపాడడం ఎవరి లాభానికో చెప్పనక్కర్లేదు.

ఇదంతా జరిగే పనేనా అని అనుమానం ఉన్నవాళ్లు ఉంటారు. జరిగిన చోట్లున్నాయి. అప్పటి నల్గొండ జిల్లా సూర్యాపేట. సుమారు లక్ష జనాభా ఉన్న పట్టణం. 2000 తర్వాత తొలి ఏళ్లలో అక్కడ మునిసిపల్ కమిషనర్‌గా పనిచేసిన ఖాదర్ సాహెబ్ తడి, పొడి వేరు చేయించారు. ఇంటింటికీ బండి పంపారు. వీధుల్లోంచి చెత్త కుండీలే తీసేయించారు. తడిదాన్ని ఎరువు చేశారు, పొడిదాన్ని అమ్మారు. దేశం నలుమూలల నుంచి అధికారులు చూడ్డానికి వచ్చారు. మన ఉత్తరాంధ్రలో బొబ్బిలి మునిసిపాలిటీ కూడా ఈ పనికి పేరు తెచ్చుకుంది. రెండు చోట్లా గొప్ప యంత్రాలతో మొదలవలేదు. ఇంటి గుమ్మం దగ్గర మొదలైంది.

మన పంచాయతీల్లో కూడా ఏర్పాటు ఉంది. చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలు కట్టారు. గ్రీన్ అంబాసిడర్లు బండి తోసుకుంటూ వస్తారు. 2025 నుంచి నెలలో మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం పెడుతున్నారు. కొన్ని ఊళ్లలో షెడ్డు చక్కగా నడుస్తోంది. కొన్ని ఊళ్లలో తాళం వేసి ఉంటుంది, ముందు పశువులు కట్టేసి ఉంటాయి. నిజం చెప్పుకోవాలి కదా.

'మేం వేరు చేసి ఇస్తే బండివాడు మళ్లీ కలిపేస్తున్నాడు' అని చాలామంది చెబుతారు. నిజమే, జరుగుతుంది. అప్పుడు రెండు పనులు చేయొచ్చు. తడిది బండికి ఇవ్వనే ఇవ్వకండి. మీ పెరట్లో డ్రమ్ము ఉంది కదా. బండికి పొడిది మాత్రమే వెళ్తే అందులో కలపడానికి తడి ఏదీ? ఇక రెండోది, గ్రామసభలో అడగండి. షెడ్డు ఎందుకు తెరవడం లేదు, బండిలో రెండు అరలు ఎందుకు లేవు అని అడగండి. బండి తోసే మనిషి మీద మాత్రం కోపం పెట్టుకోకండి. చేతికి గ్లవుజులు కూడా లేకుండా మన కుళ్లు మూట విప్పేది ఆ మనిషే. మనం వేరు చేసి ఇవ్వడం వల్ల మొదట బాగుపడేది ఆ చేతులే.

ఇంకో సంగతి. విడదీయడం మొదలుపెట్టిన నెల రోజులకి ఒక తమాషా జరుగుతుంది. మీ పొడి సంచి మీతో మాట్లాడుతుంది. అప్పటిదాకా అన్నీ కలిసి కుప్పలో పోయేవి కాబట్టి ఏం కొన్నామో, ఏం పారేశామో తెలిసేది కాదు. ఇప్పుడు సంచి తిరగేసి చూడండి. రూపాయి షాంపూ పేకెట్లు ఎన్ని? కొట్టుకెళ్లిన ప్రతిసారీ తెచ్చుకున్న క్యారీ బ్యాగులు ఎన్ని? పేరంటంలో ఇచ్చిన కప్పులు ఎన్ని? అప్పుడు మీకే అనిపిస్తుంది. షాంపూ సీసా కొనుక్కుంటే పోయె. కొట్టుకి గుడ్డ సంచి పట్టుకెళ్తే పోయె. ఎవరూ ప్రతిజ్ఞ చేయించక్కర్లేదు.

2022 జూలై 1 నుంచి దేశమంతా కొన్ని ప్లాస్టిక్ వస్తువులు నిషేధం. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, ప్లాస్టిక్ పుల్ల ఉన్న చెవిపుల్లలు, థర్మోకోల్ అలంకరణలు. ఆ ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలచని క్యారీ బ్యాగులు కూడా కుదరవు. చట్టం ఉంది. సంతలో అవి ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. పేపరు కప్పు అని మనం ధీమాగా వాడేదానికి లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. అది తడి బకెట్టుకీ చెందదు, పొడి సంచిలో వేసినా ఎవరూ కొనరు. మన దగ్గర దానికి మారు లేదా? ఉంది. పాడేరు, అరకు కొండల్లో గిరిజనులు ఏరి తెచ్చే అడ్డాకులు. పుల్లలతో కుట్టిన విస్తర్లు. భోజనం అయ్యాక విస్తరి, మెతుకులు, అరటి తొక్క, అన్నీ కలిపి నేరుగా తడి బకెట్టులోకి. వేరు చేసే పనే లేదు. ఇంట్లో పెళ్లి అయినా, ఉపమాక వేంకటేశ్వరుడి కల్యాణానికి వచ్చిన చుట్టాలకు భోజనాలు అయినా, విస్తరాకు కట్టలు తెప్పించుకోండి. డబ్బు కొండల్లోని మనిషికి వెళ్తుంది. ఆకు మీ కొబ్బరి మొదట్లోకి వెళ్తుంది.

చివరగా ఇంట్లో మగవాళ్లకి ఒక మాట. ఆడవాళ్లు కాసేపు నవ్వుకోండి. ఇలాంటి ప్రసంగాలన్నీ 'గృహిణులారా' అని మొదలవుతాయి. నేను అలా మొదలుపెట్టలేదు, గమనించారా? పొద్దున్నే లేచి గంప ఎత్తుకుని, ఊరూరా తిరిగి చేపలు అమ్మి, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించే మనిషి నెత్తిన ఈ రెండు బకెట్లు కూడా పెడితే, ఆ అలవాటు పది రోజులు నిలవదు. నిలవకూడదు కూడా. డ్రమ్ము తెచ్చి నిలబెట్టడం మగవాళ్ల పని. వారానికోసారి కుళ్లగించడం మగవాళ్ల పని. సరుగుడు ఆకు తెచ్చి పెట్టడం పిల్లల పని, వాళ్లకి అది ఆట. పాల కవరు జాడించి తాడుకి తగిలించడం ఎవరు టీ పెట్టుకుంటే వాళ్ల పని.

మొదటి వారం తప్పులు జరుగుతాయి. ఎవరో ఒకరు టీ పొడి తీసుకెళ్లి పొడి సంచిలో వేస్తారు. 'పొడి' అన్నారు కదా అని వాదిస్తారు కూడా. తిట్టకండి. తీసి ఇవతల వేయండి. చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే తడి బకెట్టు మీద సుద్దతో ఒక చేప బొమ్మ గీయండి. పొడి సంచి మీద ఒక సీసా బొమ్మ. పెద్దవాళ్ల కంటే వాళ్లే ముందు నేర్చుకుని మనల్ని కాపలా కాస్తారు.

జూన్ 15న పడవలు మళ్లీ నీళ్లలోకి దిగుతాయి. ఈలోగా వలలు సిద్ధమవుతాయి, ఇంజన్లు బాగవుతాయి, రంగులు పడతాయి. ఆ సామాన్ల మధ్య ఒక గోనెసంచి కూడా పడవ అంచుకి కట్టి ఉంచండి. ఇంటి దగ్గర డ్రమ్ము అడుగున కొమ్మలు పరిచి, ఈ సాయంత్రం వండిన కూర తాలూకు తొక్కలతోనే మొదలుపెట్టండి. తడిది ఇటు, పొడిది అటు.